నేల మీద నేర్పిన విమానం

చిరంజీవులకు ఆశీస్సులు.

తొలి రోజుల్లో విమానం నడపడం ఎలా నేర్చుకునేవారని అడిగారు కదా, అందుకు కోద్రోన్ జి-3 అనే ఫ్రెంచి విమానం గురించి రాస్తున్నాను. ఫ్రాన్సు ఉత్తర తీరంలో సోమ్ నది సముద్రంలో కలిసే చోట లె క్రోతువా అనే ఊరుంది. గాస్తోన్, రెనే కోద్రోన్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఈ విమానం అక్కడే 1914లో, మొదటి ప్రపంచ యుద్ధానికి కొద్ది నెలల ముందు, తొలిసారి ఎగిరింది.

దీనికి ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలు, వాటి నడుమ ఇద్దరు కూర్చునే చిన్న తొట్టి, దాని ముందు ఇంజను ఉండేవి. రెక్కల నుంచి తోక దాకా ఉన్నవి నాలుగు కొయ్య బద్దలే. కింది రెండు బద్దలు నేల మీద జారుతూ విమానాన్ని మోసేవి. నేటి విమానాల రెక్కల చివర కదిలే పలకలు దీనికి మొదట్లో లేవు. నడిపేవాడు తీగలు లాగి రెక్క వెనుక అంచునే మెలితిప్పి విమానాన్ని పక్కకు ఒరిగించేవాడు. కొన్నింటికి బిగించిన లె రోన్ అనే రకం ఇంజను తన నడిమి ఇరుసు కదలకుండా, ప్రొపెల్లరుతో పాటు తానే గిరగిరా తిరిగేది. దానికి పోసే నూనె మన ఆముదమే, ఎందుకంటే ఆముదం పెట్రోలులో తేలికగా కలిసిపోదు. తిరిగే ఇంజను చిమ్మిన ఆ నూనె వెనుక కూర్చున్నవారి మీద పడేది.

వేగం గంటకు 110 కిలోమీటర్లు కూడా మించేది కాదు కనుక యుద్ధరంగంలో శత్రువుకు సులువుగా దొరికిపోయేది. 1916లో దాన్ని అక్కడి నుంచి తప్పించారు. అయితే నెమ్మదిగా, నిలకడగా ఎగిరే ఆ గుణమే కొత్తగా నేర్చుకునేవారికి కావలసింది.

వీటిలో నాకు ఎంతో ఇష్టమైన రకం ఒకటుంది. దాని రెక్కల మీద గుడ్డ చాలావరకు తీసేసేవారు, అందుకని ఎంత వేగంగా పరిగెత్తించినా అది పైకి లేవదు. విద్యార్థి అందులో కూర్చుని, ఇంజను హోరులో, పక్కకు లాగే యంత్రాన్ని కాళ్లతో అదుపు చేస్తూ మైదానం పొడవునా తిన్నగా నడపడం నేర్చుకునేవాడు. నేల మీద ఆ పట్టు చిక్కాకే ఎగిరే విమానం ఎక్కేవాడు.

లె క్రోతువా బడిలో ఎగరడం నేర్చుకున్న అద్రియెన్ బోలాన్ అనే యువతి 1921 ఏప్రిల్ 1న జి-3లోనే అర్జెంటీనాలోని మెండోసా నుంచి చిలీలోని శాంతియాగోకు ఆండీస్ పర్వతాలు దాటింది. శిఖరాల పైకి లేచే శక్తి ఆ ఇంజనుకు లేదు; ఆమె కొండల సందుల్లోంచే దారి వెతుక్కుంది.

మీ తాతయ్య