ఒమన్‌లో దంపతుల ఎడారి యాత్ర: ప్రయాణం, బసల గురించిన అపోహలు - వాస్తవాలు

ఒమన్ రాజధాని మస్కట్ పేరు వినగానే మన తెలుగు ఇళ్లలో ముందుగా గుర్తుకొచ్చేది ఉపాధి. కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఎన్నో ఏళ్లుగా మనవాళ్లు అక్కడికి పనికోసం వెళుతున్నారు. అదే దేశానికి ఇప్పుడు కొత్తగా పెళ్లయినవారు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక తీరిక దొరికిన దంపతులు విహారయాత్రకు బయలుదేరుతున్నారు. హైదరాబాద్ నుంచి ఇలాంటి యాత్రలకు ప్రణాళిక వేయడం నా వృత్తి. చూడవలసిన ప్రదేశాల గురించి మా దగ్గరకు వచ్చేవారు ముందే బాగా తెలుసుకుని వస్తారు. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఏ వేళకు అక్కడికి చేరాలి, ఏ వరుసలో తిరగాలి అన్న విషయాల్లో మాత్రం చాలా అపోహలతో ఉంటారు. ఎడారి దేశంలో యాత్ర హాయిగా సాగడానికీ, అలసటతో ముగియడానికీ తేడా అక్కడే ఉందని నేను నమ్ముతాను.

అపోహ: ఎడారి దేశమంటే అంతా ఇసుకే కాబట్టి, ఎక్కువ రాత్రులు ఇసుక దిబ్బల మధ్య గడిపితేనే వెళ్లినట్టు.

ఒమన్‌లో అధిక భాగం రాతి నేల, కంకర మైదానం, కొండలు, సముద్ర తీరం. ఉత్తరాన హజర్ పర్వతశ్రేణి ఉంది, అందులో జబల్ షమ్స్ శిఖరం దాదాపు 3,000 మీటర్ల ఎత్తు ఉంటుంది. మస్కట్ నుంచి వెళ్లే యాత్రికులు ఎక్కువగా చూసే ఇసుక ఎడారి షర్కియా శాండ్స్. పాతకాలం నుంచి దీన్ని వహీబా శాండ్స్ అని పిలుస్తున్నారు. ఉత్తర దక్షిణాలుగా సుమారు 180 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 80 కిలోమీటర్లు పరచుకున్న ఈ ఎడారిలో కొన్ని దిబ్బలు వంద మీటర్ల ఎత్తుకు చేరతాయి.

వారం రోజుల యాత్రకు అక్కడ ఒక్క రాత్రి సరిపోతుందని నేను ప్రతి జంటకూ చెబుతాను. దిబ్బ మీద నుంచి సూర్యాస్తమయం, రాత్రి ఆకాశం, తెల్లవారుజామున ఎవరి అడుగూ పడని ఇసుక, ఈ మూడూ ఒక్క రాత్రిలోనే దక్కుతాయి. రెండో రోజు పగలు ఎండలో చేయగలిగింది పెద్దగా ఉండదు. మిగిలిన రాత్రులను మస్కట్‌లో రెండు, హజర్ కొండల దగ్గరి నిజ్వా పట్టణంలోగాని జబల్ అఖ్దర్ కొండ మీదగాని రెండు, తీర పట్టణం సూర్‌లో ఒకటి, చివరిగా మళ్లీ మస్కట్‌లో ఒకటి చొప్పున పంచుకోవడం మేలు. రోజుకో హోటల్ మారే ప్రణాళికలో సగం సెలవు పెట్టెలు సర్దడానికే పోతుంది.

అపోహ: క్యాంపు అని రాసి ఉన్నవన్నీ ఒకే రకం, ఫొటోలో డేరా బాగుంటే చాలు.

దంపతుల మధ్య మాట పట్టింపులు వచ్చేది ఇక్కడే కనుక, ఈ విషయాన్ని కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. ఒమన్ ఎడారి క్యాంపుల్లో గోడలు, ఏసీ, వేడినీళ్లు, గదికి ఆనుకొని స్నానాల గది ఉన్న కుటీరాలు ఉన్నాయి. బెదూయిన్లనే ఎడారి సంచార తెగల పద్ధతిలో నేసిన మేక వెంట్రుకల గుడ్డ వేసి, నేల మీద పరుపులు పరిచి, స్నానాల గదులను అందరికీ కలిపి ఒకవైపు కట్టిన డేరాలూ ఉన్నాయి. ఈ రెండింటి ఫొటోలూ దీపాల వెలుగులో ఒకేలా కనిపిస్తాయి. అందుకే బుకింగ్‌కు ముందు నాలుగు ప్రశ్నలు అడగమంటాను. మరుగుదొడ్డి డేరాకు ఆనుకొనే ఉందా, కరెంటు రాత్రంతా ఉంటుందా లేక జనరేటర్ ఒక వేళకు ఆపేస్తారా, తలుపుకు తాళం పడుతుందా లేక జిప్పు మాత్రమేనా, పక్క డేరాకు ఎంత దూరం? చివరి ప్రశ్నను చాలామంది అడగరు. గుడ్డ గోడల మధ్య మాట ఎంత దూరం వినిపిస్తుందో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

గాలి వీచిన రాత్రి ఎంత మంచి డేరాలోనైనా సన్నని ఇసుక లోపలికి చేరుతుంది. దుప్పటి దులిపితే అరచేతికి పిండిలా అంటుతుంది. దాన్ని క్యాంపు వాళ్ల అశ్రద్ధగా భావించి గొడవ పడనక్కర్లేదు. అలాగే చలికాలంలో తెల్లవారేసరికి డేరా గుడ్డ తడిసి, బయట ఉంచిన కుర్చీల మీద నీటి చుక్కలు నిలిచి ఉంటే ఆశ్చర్యపోవద్దు. అరేబియా సముద్రం దగ్గరే ఉండటంతో ఈ ఎడారిలో మంచు బాగా కురుస్తుంది, కొన్ని ఉదయాలు పొగమంచు దిబ్బలను పూర్తిగా కప్పేస్తుంది. రాత్రి చెప్పులు, ఆరేసిన బట్టలు లోపల పెట్టుకుని పడుకోండి. చెప్పులు వేసుకునే ముందు ఒకసారి దులపడమూ అలవాటు చేసుకోండి, ఎడారిలో తేళ్లు ఉంటాయి.

అపోహ: కారు అద్దెకు తీసుకుంటే నేరుగా క్యాంపు గుమ్మం దాకా వెళ్లవచ్చు.

మస్కట్ నుంచి ఎడారి అంచున ఉన్న బిదియా దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం, రెండున్నర గంటల ప్రయాణం, రోడ్డు అద్దంలా ఉంటుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. ఇసుక బాటలో వెళ్లాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం ఉండాలి, దాని టైర్లలో గాలిని దాదాపు సగానికి తగ్గించాలి. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోకుండా నడుస్తుంది. ఆ పని చేసిపెట్టే చిన్న టైర్ల షాపులు ఊళ్లోనే ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే గాలి నింపించుకోవచ్చు. ఇసుక మీద అలవాటు లేనివారు మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా సొంతంగా దిగవద్దన్నది నా గట్టి అభిప్రాయం. చాలా క్యాంపులు బిదియా నుంచి తమ వాహనంలో తీసుకెళతాయి. ఆ రుసుము గది అద్దెలో కలిసి ఉందో లేదో ముందే అడిగితే చాలు. మామూలు అద్దె కారుతో ఇసుకలోకి దిగితే అద్దె ఒప్పందం ప్రకారం బీమా వర్తించకపోవచ్చు.

చేరే వేళ కూడా ముఖ్యమే. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగు గంటలకల్లా క్యాంపులో ఉండేలా మస్కట్‌లోగాని నిజ్వాలోగాని బయలుదేరాలి. చీకటి పడ్డాక చేరితే దిబ్బ కనిపించదు, చెల్లించిన డబ్బుకు భోజనమూ పడకా మాత్రమే మిగులుతాయి.

జబల్ అఖ్దర్ విషయంలో ఇక ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. బిర్కత్ అల్ మౌజ్ దగ్గరి పోలీసు చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ కాని వాహనాన్ని పైకి పంపరు. కొండ మీద హోటల్ బుక్ చేసుకుని, కింద చిన్న కారుతో ఆగిపోయి, ఎక్కువ డబ్బిచ్చి అప్పటికప్పుడు వేరే వాహనం వెతుక్కునే జంటలు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: ఎడారిలో పగలు వేడి, రాత్రి చల్లన, ఏ నెలలో వెళ్లినా రాత్రులైనా హాయిగా ఉంటాయి.

వైశాఖంలో పెళ్లి చేసుకుని మే నెలలో వెళ్లాలనుకునే జంటలకు ఈ మాట తప్పకుండా చెప్పాలి. 2018 జూన్ నెలాఖరులో మస్కట్‌కు దగ్గరలోని ఖురయ్యాత్ తీర పట్టణంలో ఒక రోజంతా, అర్ధరాత్రి సహా, ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే తగ్గలేదు. సముద్రపు తేమ తోడైన ఎడారి తీరంలో వేసవి రాత్రి అలా ఉంటుంది. చాలా ఎడారి క్యాంపులు వేసవిలో మూసివేస్తారు, తెరిచి ఉన్నవాటి అద్దె తక్కువ కావడానికి కారణమూ ఈ వేడే. ఒమన్ ఉత్తర భాగానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి దాకా. అప్పుడైతే ఎడారిలో రాత్రికి స్వెట్టర్, దాదాపు 2,000 మీటర్ల ఎత్తున్న జబల్ అఖ్దర్ పైన దళసరి కోటు అవసరమవుతాయి. నూలు చీరలు, పల్చని కుర్తాలు మాత్రమే సర్దుకుని కొండ ఎక్కితే సాయంత్రమంతా గదిలోనే కూర్చోవలసి వస్తుంది. మార్చి చివరి నుంచి మే మొదలు వరకు ఆ కొండ గ్రామాల్లో గులాబీలు పూసి, పన్నీరు తీసే పని సాగుతుంది. ఆ సమయంలో గదులు త్వరగా నిండిపోతాయి.

వేసవిలోనే సెలవు దొరికే వారికి దారి లేకపోలేదు. దక్షిణాన సలాలాలో జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అని పిలిచే వానాకాలం. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే అక్కడి కొండలను సన్నని జల్లులతో పచ్చగా మారుస్తాయి. కొబ్బరి, అరటి తోటలు చూస్తే గోదావరి జిల్లాల వారికి ఊరు గుర్తుకొస్తుంది. అయితే మస్కట్ నుంచి సలాలా దాదాపు 1,000 కిలోమీటర్లు. ఆ దూరం విమానంలోనే వెళ్లాలి, ఉత్తర యాత్రతో కలిపి వారంలో ఇరికించకూడదు.

అపోహ: ఎడారి దేశంలో వాన భయం ఉండదు.

ఒమన్ యాత్రలో నిజమైన ప్రాణాపాయం దారి తప్పడం కంటే వరదల వల్లే ఎక్కువ. 2007లో గోను, 2021లో షహీన్ తుఫాన్లు ఆ దేశాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి. అంత పెద్ద తుఫాను రానవసరం కూడా లేదు. కొండల మీద ఎక్కడో కురిసిన గంట వాన, రాతి నేలలో ఇంకక, వాదీలనే ఎండు వాగుల్లో ఒక్కసారిగా దిగుతుంది. మీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా ఇది జరగవచ్చు. వాదీ షాబ్, వాదీ బనీ ఖాలిద్ లాంటి చోట్ల ఆకుపచ్చని మడుగుల్లో ఈత దంపతులకు ఎంతో ఇష్టమైన కార్యక్రమం, నేనూ తప్పక చేర్చమంటాను. అయితే ఆ రోజు వాతావరణ హెచ్చరిక చూడకుండా హోటల్ నుంచి కదలవద్దు. పారుతున్న వాదీలోకి వాహనం దించడం ఒమన్‌లో నేరం, జైలు శిక్ష కూడా పడవచ్చు. నీరు రోడ్డు దాటుతుంటే ఇవతలే ఆగి, ఆ రాత్రి హోటల్ డబ్బు పోయినా పోనివ్వండి. శీతాకాలంలో వాన సూచన ఉన్నప్పుడు ఉచితంగా రద్దు చేసుకోగల గదులనే తీసుకోమనడానికి కారణం ఇదే.

అపోహ: భార్య పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు లేకపోతే హోటల్‌లో గది ఇవ్వరు.

మన ఆడపిల్లల పాస్‌పోర్టుల్లో పుట్టింటి ఇంటిపేరే కొనసాగడం సాధారణం, దానికి కంగారు పడి ప్రయాణానికి ముందు పేరు మార్పించుకునేవారూ ఉన్నారు. మేం పంపిన దంపతులకు పేర్లు వేరైనందువల్ల గది నిరాకరించిన సందర్భం నాకు తెలియదు. ఇద్దరి పాస్‌పోర్టులూ చూపించమంటారు, అంతే. అయినా వివాహేతర సంబంధాన్ని చట్టం నేరంగా చూసే దేశం కాబట్టి, వివాహ ధ్రువపత్రం నకలు ఒకటి ఫోన్‌లోనూ కాగితం మీదా ఉంచుకోమని చెబుతాను. బుకింగ్‌లో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి.

చేతులు పట్టుకుని నడవడాన్ని ఎవరూ పట్టించుకోరు. బహిరంగంగా ముద్దులు, కౌగిలింతలు మాత్రం కూడదు. ఈత దుస్తులు హోటల్ కొలను వరకే. వాదీల్లో గ్రామస్థులు తిరుగుతుంటారు కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే నీళ్లలో దిగాలి. మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులోకి ముస్లిమేతరులను శుక్రవారం మినహా ఉదయం 8 నుంచి 11 వరకు అనుమతిస్తారు, మహిళలు తల, చేతులు, కాళ్లు పూర్తిగా కప్పుకోవాలి. మన చున్నీ అందుకు చక్కగా పనికొస్తుంది.

అపోహ: గల్ఫ్ కదా, హోటళ్లు చవక; చూపించిన ధరే కడితే చాలు.

ఒమన్ రియాల్ విలువ దాదాపు 2.6 అమెరికన్ డాలర్లు. నలభై రియాళ్ల గది అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గాని, వంద డాలర్లు దాటుతుంది. దానికి తోడు ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, సర్వీస్ ఛార్జి, మున్సిపాలిటీ, టూరిజం పన్నులు, 5 శాతం వ్యాట్ విడిగా పడతాయని అర్థం. అన్నీ కలిపిన మొత్తం రాతపూర్వకంగా తెప్పించుకోండి.

భోజనం సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మస్కట్‌లో దక్షిణ భారత భోజనశాలలకు లోటు లేదు కాబట్టి అక్కడ టిఫిన్‌తో కూడిన గది చాలు. ఎడారి క్యాంపు చుట్టుపక్కల దుకాణమే ఉండదు కాబట్టి రాత్రి భోజనం కలిపిన ధరే తీసుకోవాలి. శాకాహారులైతే బుకింగ్‌లోనే ఆ మాట రాయించాలి, లేకపోతే అన్నం, సలాడ్, హమ్మస్ అనే శనగల ముద్దతో సరిపెట్టుకోవలసి వస్తుంది. ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లే అలవాటు మనకు ఉంది. గసగసాలను మత్తు పదార్థంగా పరిగణించే దేశాలు గల్ఫ్‌లో ఉన్నాయి కాబట్టి, అవి కలిసిన మసాలా పొడులను పెట్టెలో పెట్టవద్దు. నొప్పి, నిద్ర మాత్రలు వాడేవారు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి.

రంజాన్ మాసం ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతూ ఇప్పుడు సరిగ్గా యాత్రా కాలంలోకి వచ్చింది. ఆ నెలలో పగలు బహిరంగంగా తినడం, నీళ్లు తాగడం కుదరదు, దారిలోని భోజనశాలలు చాలావరకు సాయంత్రం దాకా తెరవరు. హోటల్ గదిలో అతిథులకు ఆ ఇబ్బంది ఉండదు. అందుకే ఆ నెలలో వెళ్లేవారికి గదిలో చిన్న ఫ్రిజ్, కెటిల్ ఉన్న హోటళ్లనే సూచిస్తాను.

అపోహ: ఎడారి రాత్రిని చివరికి ఉంచుకుంటే యాత్ర ఘనంగా ముగుస్తుంది.

వినడానికి బాగుంటుంది గాని, ఆచరణలో ఇబ్బందే. ఇసుక నుంచి బయటపడటం, టైర్లలో గాలి నింపించడం, మస్కట్ చేరడం, కారు తిరిగి అప్పగించడం అన్నీ కలిపి ఒక పూట పడుతుంది. ఇసుకతో నిండిన బట్టలతో, స్నానం కూడా సరిగా చేయకుండా విమానాశ్రయానికి పరుగెత్తాలి. ఎడారిని మధ్యలో ఉంచి, మరుసటి రాత్రి సూర్‌లో వేడినీళ్లు, బట్టలు ఉతికే సదుపాయం ఉన్న మంచి హోటల్ తీసుకోండి. అక్కడి నుంచి రస్ అల్ జింజ్ సముద్ర తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే పచ్చ తాబేళ్లను రాత్రివేళ చూడవచ్చు, ప్రవేశం గైడుతోనే కాబట్టి ముందే నమోదు చేసుకోవాలి. మర్నాడు తీరం వెంట వాదీ షాబ్ చూసుకుంటూ మస్కట్ చేరితే, ఆఖరి సాయంత్రం మత్రా బజారులో ఇంటికి హల్వా, సాంబ్రాణి కొనుక్కోవడానికి తీరిక ఉంటుంది.