వాల్వు టీవీలో హై వోల్టేజ్ రాకపోతే తప్పు ఫ్లైబ్యాక్‌దేనా?

అపోహ: పాత వాల్వు (వాక్యూమ్ ట్యూబు) టీవీలో మాట వినిపిస్తోంది, తెర మాత్రం చీకటి. అంటే తెర వెలగడానికి కావాల్సిన హై వోల్టేజ్ ఇచ్చే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినట్టే.

వాస్తవం: నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకుని, ఎక్కడెక్కడో వెతికి ఫ్లైబ్యాక్ తెప్పించి మార్చాను. తెర వెలగలేదు. అసలు దొంగ వేలెడంత పేపర్ కెపాసిటర్.

హై వోల్టేజ్ పుట్టేది వరసలో చిట్టచివర. ముందు హారిజాంటల్ ఆసిలేటర్ (తెర మీద అడ్డగీతల వేగాన్ని నడిపే సర్క్యూట్) సెకనుకు 15 వేల పైచిలుకు సార్లు ఆడాలి, ఆ సిగ్నల్ (డ్రైవ్) ఫ్లైబ్యాక్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వుకి అందాలి, డ్యాంపర్ (ఫ్లైబ్యాక్‌లో మిగిలిన శక్తిని తిరిగి వాడుకునే డయోడ్ వాల్వు) పనిచేయాలి. అందుకే ఇప్పుడు మొదట అవుట్‌పుట్ వాల్వు (పీఎల్ 504 లాంటిది) కంట్రోల్ గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలి) దగ్గర మీటరు పెడతాను. మైనస్‌లో పదుల వోల్టులు కనిపిస్తే డ్రైవ్ వస్తున్నట్టు. సున్నా దగ్గరే ఉంటే ఆసిలేటర్‌ని చూడాలి, ప్లస్‌లోకి వెళ్తే డ్రైవ్‌ని గ్రిడ్‌కి చేర్చే కప్లింగ్ కెపాసిటర్ లీకయిందేమో చూడాలి. డ్రైవ్ ఉన్నా బూస్ట్ వోల్టేజ్ (డ్యాంపర్ వల్ల మామూలు సరఫరా కంటే పైకి పెరిగే వోల్టేజ్) పెరగకపోతే డ్యాంపర్, బూస్ట్ కెపాసిటర్, అవుట్‌పుట్ వాల్వు స్క్రీన్ గ్రిడ్ రెసిస్టర్ చూస్తాను. డిఫ్లెక్షన్ యోక్‌లో (పిక్చర్ ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్) చుట్లు షార్టయినా ఇదే లక్షణం. ఇవన్నీ అయ్యాకే ఫ్లైబ్యాక్ వంతు.

అవుట్‌పుట్ వాల్వు ప్లేటుకి మాత్రం మీటరు తగిలించకండి. అక్కడి పల్సులు కొన్ని వేల వోల్టులు.

అపోహ: అవుట్‌పుట్ వాల్వు లోపలి ప్లేటు (లోహపు రేకు) ఎర్రబడితే వాల్వు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు డ్రైవ్ పోయి, దాంతోపాటు బయాస్ (గ్రిడ్ మీది మైనస్ వోల్టేజ్) కూడా పోయి కరెంటు పెరిగినందువల్ల ఎర్రబడుతుంది. కొత్తది పెట్టినా అంతే. వెంటనే ఆపేయండి.

అపోహ: బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మ ఉబ్బి మసకబారుతోందంటే పిక్చర్ ట్యూబ్ ముసలిదైంది.

వాస్తవం: ముందు హై వోల్టేజ్ రెక్టిఫయర్ వాల్వు (ఫ్లైబ్యాక్ పల్సుల్ని డీసీగా మార్చేది) మార్చి చూడండి.

అపోహ: హై వోల్టేజ్ సరిగ్గా ఉందో లేదో స్క్రూడ్రైవర్‌తో నిప్పురవ్వ తీసి చూస్తే చాలు.

వాస్తవం: రవ్వ వచ్చిందంటే ఏదో ఉందని తెలుస్తుంది, ఎంతుందో తెలియదు. బ్లాక్ అండ్ వైట్ సెట్టులో 10 నుంచి 18 కిలోవోల్టులు, కలర్‌లో 25 దాకా ఉంటాయి. అది కొలవడానికి హై వోల్టేజ్ ప్రోబ్ కావాలి. మామూలు మల్టీమీటర్ 1000 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: ప్లగ్ పీకేశాను కదా, ఇక భయం లేదు.

వాస్తవం: పిక్చర్ ట్యూబే పెద్ద కెపాసిటర్. లోపలి పూత, బయటి నల్ల గ్రాఫైట్ పూత, మధ్యలో గాజు. రెసిస్టర్ ద్వారా యానోడ్‌ని (ట్యూబ్‌కి హై వోల్టేజ్ వెళ్ళే చోటు) బయటి పూతకున్న ఎర్త్ తీగకి డిశ్చార్జ్ చేయాలి, ఛాసిస్‌లో ఎక్కడో ఒకచోట కాదు. కొన్ని నిమిషాలాగి మళ్ళీ చేయండి, గాజులో మిగిలిన చార్జ్ తిరిగి పైకొస్తుంది.