మసిగుడ్డ కరిగిపోయింది

విజయవాడ

పిల్లలూ,

మీ అపార్ట్‌మెంట్‌లో అందరూ ఇచ్చిన పాత బట్టలతో బొంతలు, సంచులు, మసిగుడ్డలు కుడతారటగా, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏ బట్ట ఏదో ఎలా తెలుస్తుందని అడిగారట. కత్తెర పట్టకముందే అడిగారు, నాకంటే నయం. పెళ్లయిన కొత్తలో నేనొక పాత చీరని మడతలేసి మసిగుడ్డ కుట్టాను. పాలగిన్నె దించబోతే అది కరిగి గిన్నెకీ నా వేలికీ అంటుకుంది. నూలనుకున్నాను, తీరా చూస్తే పాలియెస్టర్!

లేబుల్ ఉంటే చదవండి. చీరకీ లుంగీకీ ఉండదుగా, అప్పుడు నాలుగు దారాలు లాగి, మెలిపెట్టి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడాలి. అమ్మ పక్కనుండాలి, కింద నీళ్లు పోసిన స్టీలు పళ్లెం ఉండాలి. నూలైతే గబుక్కున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద ఊదితే ఎగిరిపోతుంది. పట్టు, ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు. మంట తీసేస్తే అదే ఆరిపోతుంది, మిగిలిన నల్ల ఉండ నలిపితే పొడి అయిపోతుంది. పాలియెస్టర్ ముడుచుకుని కరుగుతుంది, చివర నలగని పూస మిగులుతుంది. చల్లారేదాకా దాన్ని ముట్టుకోకండి.

అసలు మాయలాడి రేయాన్. పట్టులా మెరుస్తుంది, కాలిస్తే నూలులా కాలుతుంది. అది చెక్క గుజ్జుతో చేసిన దారం మరి. ఒక పోగు తడిపి లాగండి. రేయాన్ తడిస్తే నీరసపడి పుటుక్కున తెగుతుంది, నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

నిలువు దారమైన పడుగు పోగు, అడ్డదారమైన పేక పోగు విడివిడిగా కాల్చండి. ఒకటి నూలు, రెండోది పాలియెస్టర్ అయిన చీరలు చాలానే ఉంటాయి. స్కూలు యూనిఫాం గుడ్డలో అయితే రెండూ ఒకే పోగులో కలిసి ఉంటాయి. కాగితం వాసనా వస్తుంది, పూసా మిగులుతుంది. అలాంటిది మసిగుడ్డకి వద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మూటల కొద్దీ పాత బట్టలొచ్చాయి. బురద తుడుద్దామని మెత్తటి చీర ఒకటి తీస్తే, నీళ్లు పక్కకి జరిగాయే గానీ గుడ్డ పీల్చుకోలేదు, అదీ పాలియెస్టరే. అలాగని పాలియెస్టర్‌ని పారేయకండి, రైతుబజారు సంచులకి అదే మేలు, ఉతికితే ఇట్టే ఆరుతుంది.

బొంతకి నా మంగళగిరి నూలు చీరలు రెండు పంపిస్తున్నాను. ఎర్రది రంగు దిగుతుంది, విడిగా తడపండి.

మీ అమ్మమ్మ