మాఫీ అయిన అప్పు మళ్లీ ఎలా పెరిగింది?

2020 నవంబరులో ఆఫ్రికా దేశం జాంబియా తన విదేశీ బాండ్ల (మదుపరులకు అమ్మి తీసుకున్న అప్పుపత్రాల) మీద 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. పదిహేనేళ్ల కిందటే ఆ దేశపు విదేశీ అప్పులో చాలా భాగం రద్దయింది. మళ్లీ ఈ స్థితి ఎందుకొచ్చిందంటే పాలకుల దుబారా వల్లేనని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ జాంబియా లాంటి పేద దేశాలు ఇన్నిసార్లు ఒకే చోటికి వచ్చి పడడానికి అదొక్కటే కారణం కాదు.

1964లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి జాంబియా ఎగుమతుల్లో 90 శాతానికి పైగా రాగే. 1970ల మధ్యలో రాగి ధర కుప్పకూలింది, దిగుమతి చేసుకునే చమురు ధర మాత్రం ఆకాశాన్నంటింది. ఆ లోటు పూడ్చుకోవడానికి అప్పులు చేశారు. అప్పట్లో అప్పు పుట్టడం కష్టం కాలేదు. 1973 తర్వాత చమురు దేశాల సొమ్ము పాశ్చాత్య బ్యాంకుల్లో పేరుకుపోయింది. ఆ బ్యాంకులు పేద, మధ్యస్థ దేశాలకు ఉదారంగా అప్పులిచ్చాయి. 1979 నుంచి అమెరికా తన ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీ రేట్లను దాదాపు 20 శాతం దాకా పెంచింది. ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని దేశాలకు వడ్డీ భారం తడిసి మోపెడయింది. 1982 ఆగస్టులో మెక్సికో ఇక కట్టలేనని ప్రకటించింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి చాలా దేశాలు అదే దారి పట్టాయి.

ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి), ప్రపంచ బ్యాంకు కొత్త అప్పులిచ్చాయి, షరతులతో. సబ్సిడీలు తీసేయాలి, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి, సంస్థలను ప్రైవేటుకు అమ్మాలి. చాలా ఆఫ్రికా దేశాల్లో ఆస్పత్రులకూ బడులకూ ఫీజులు వచ్చి పడ్డాయి. 1987 జులైలో బుర్కినాఫాసో అధ్యక్షుడు థామస్ శంకర ఆడిస్ అబాబాలో ఆఫ్రికా నేతల ముందు నిలబడి, అప్పు కట్టబోమని అందరం కలిసి చెబుదాం రమ్మని పిలిచాడు. మూడు నెలలకే సైనిక కుట్రలో హత్యకు గురయ్యాడు. ఆ పిలుపు పిలుపుగానే మిగిలిపోయింది.

అప్పు మాఫీ అనేది వింత కోరికేమీ కాదు. 1953 లండన్ ఒప్పందంలో పశ్చిమ జర్మనీ అప్పులో దాదాపు సగం కొట్టేశారు. మిగతా సగానికి, ఆ దేశం ఎంత కట్టగలదో చూసి వాయిదాలు వేశారు. జర్మనీ కోలుకోవడానికి అది ఎంతో తోడ్పడింది. అదే మర్యాద పేద దేశాలకు దక్కడానికి నలభై ఏళ్లు పైనే పట్టింది, అదీ అరకొరగా.

1996లో భారీ అప్పుల్లో ఉన్న పేద దేశాల కోసం మాఫీ పథకం మొదలైంది. 1998 మేలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో జీ-8 (ఎనిమిది పెద్ద దేశాల కూటమి) నేతలు సమావేశమైతే, అప్పుల మాఫీ కోరుతూ, దాదాపు 70 వేల మంది నగరం నడిబొడ్డు చుట్టూ మానవహారం కట్టారు. ఆ ఒత్తిడి ఫలించి 1999లో పథకాన్ని విస్తరించారు, 2005లో స్కాట్లాండ్‌లోని గ్లెనీగల్స్ జీ-8 సమావేశంలో ఇంకా ముందుకు తీసుకెళ్లారు. దీని ఫలితాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఒక్క విషయం చూడాలి: మాఫీ తర్వాత 2006లో జాంబియా పల్లెల్లో ఆస్పత్రి ఫీజులు ఎత్తేసింది.

అయితే మాఫీ చేసింది ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు. అప్పులిచ్చిన ప్రైవేటువాళ్లను కట్టడి చేసే నియమం లేదు. జాంబియా 1979లో వ్యవసాయ యంత్రాల కోసం రుమేనియా నుంచి తీసుకున్న అప్పును వసూలు చేసుకునే హక్కును ఒక ప్రైవేటు పెట్టుబడి ఫండు 1999లో దాదాపు 33 లక్షల డాలర్లకు కొనేసింది. తర్వాత 5.5 కోట్లు రావాలంటూ లండన్ కోర్టుకెక్కింది. 2007లో కోర్టు దాదాపు 1.5 కోట్లు ఇప్పించింది. ఒకవైపు మాఫీతో మిగిలిన డబ్బు ఇంకోవైపు ఇలా కారిపోయింది. ఇలాంటివాళ్లకు అడ్డుకట్ట వేస్తూ బ్రిటన్ 2010లో చట్టం చేసింది. న్యూయార్క్ చట్టం కింద జారీ అయిన బాండ్లకు అది వర్తించదు.

ఇక వాణిజ్యం దగ్గరే అసలు చిక్కు. పేద దేశం ముడి సరుకు అమ్మితే సుంకం తక్కువ. దాన్నే కాస్త తయారు చేసి అమ్మితే చాలా సంపన్న మార్కెట్లలో సుంకం పెరుగుతుంది. పత్తి కథ ఇంకా బాధాకరం. 2003లో బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో మొరపెట్టుకున్నాయి: సంపన్న దేశాల సబ్సిడీల వల్ల ధర పడిపోయి తమ రైతులు నష్టపోతున్నారని. బ్రెజిల్ అక్కడే అమెరికా మీద కేసు వేసి గెలిచింది. అమెరికా సబ్సిడీలు ఎత్తేయకుండా, బ్రెజిల్ పత్తి రంగానికి ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. పశ్చిమాఫ్రికా రైతులకు అందులో పైసా రాలేదు. ఆ దేశాలకు కేసు నడిపే స్థోమతా లేదు, ప్రతీకార సుంకాలు వేసి భయపెట్టే బలమూ లేదు.

సాయం సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. నిలబెట్టుకున్నవి స్వీడన్, నార్వే, డెన్మార్క్, లగ్జెంబర్గ్ లాంటి కొన్నే. బ్రిటన్ 2013లో అక్కడికి చేరి, 2021లో 0.5కి దిగింది. 2025లో అమెరికా తన సాయం సంస్థనే మూసేసింది.

జాంబియా మాత్రం రాగి మీదే ఆధారపడి ఉండిపోయింది. రాగి ధర బాగున్న 2012లో 75 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది, తర్వాత ఇంకా అమ్మింది. ధర పడింది, అప్పు మిగిలింది. 2020 ఎగవేత తర్వాత బాండ్లవాళ్లతో రాజీ పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. అదే ఏడు దేశాన్ని దశాబ్దాల్లో చూడనంత కరువు పట్టి పీడించింది.

దివాలా తీసిన కంపెనీకి చాలా దేశాల్లో చట్టం ఉంది, తటస్థంగా తేల్చే కోర్టు ఉంది. దివాలా తీసిన దేశానికి అలాంటిదేమీ లేదు. ఎంత కట్టాలో అప్పులిచ్చినవాళ్లతోనే ఒక్కొక్కరితో బేరమాడుకోవాలి. దీనికోసం ఐక్యరాజ్యసమితి కింద ఒక ఒడంబడిక కావాలని ఆఫ్రికా దేశాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. 2025లో స్పెయిన్‌లోని సెవిల్‌లో అభివృద్ధి నిధుల మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో సంపన్న దేశాలు దానికి ఒప్పుకోలేదు. ప్రభుత్వాల మధ్య చర్చలు మొదలుపెడదామన్న వాక్యం దగ్గరే ఆ సదస్సు తీర్మాన పత్రం ఆగింది.