కౌబాయ్ పక్కన జాజ్ పిల్ల

చి. బుజ్జికీ, చిన్నోడికీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న నా పక్కన కూర్చుని నలుపు తెలుపు సినిమా సగం చూసి, "ఈవిడకీ ఆ గుర్రాలకీ పొంతనే లేదు తాతయ్యా" అంటూ లేచిపోయారు. ఫోన్లో చెబితే వినరని ఈ ఉత్తరం.

అది 1930లో ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ స్టూడియో వాళ్లు తీసిన 'మోంటానా మూన్'. కథేం లేదు. పశువుల భూస్వామి కూతురు, న్యూయార్క్ షోకులు మరిగిన పిల్ల, దారిలో రైలు దిగి ఓ కౌబాయ్‌ని చూసి పెళ్లాడుతుంది. విందులో ఇంకొకడితో టాంగో అనే జంట నాట్యం ఆడితే మొగుడు వాణ్ణి ఒక్కటి పీకుతాడు. ఆవిడ అలిగి రైలెక్కుతుంది. ఇతగాడు దొంగ వేషంలో రైలాపి పెళ్లాన్ని ఎత్తుకుపోతాడు!

హీరోయిన్ జోన్ క్రాఫర్డ్. పొంతన లేదన్నారు గానీ, ఆవిడ పుట్టింది కౌబాయ్‌ల గడ్డ టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలోనే. ఆ పేరు కూడా సొంతం కాదు, 1925లో స్టూడియో వాళ్లు పత్రికలో పోటీ పెట్టి ఖాయం చేశారు. 1928లో 'అవర్ డాన్సింగ్ డాటర్స్'లో గంతులేసిన దగ్గర్నుంచి జనానికి ఆవిడ జాజ్ పిల్లే, అంటే జాజ్ సంగీతానికి చిందులేసే పట్నం షోకుల పిల్ల. ఆ ముద్ర ముందు పుట్టినూరు ఏ మూలకి? టాంగో ఆడిన రికార్డో కోర్టెజ్ సంగతి ఇంకా తమాషా. పేరు స్పానిష్‌ది, మనిషి మాత్రం జేకబ్ క్రాంట్జ్ అనే యూదుల అబ్బాయి.

ఇక హీరో జానీ మాక్ బ్రౌన్. 1926లో రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్‌లో అలబామా జట్టుకి రెండు టచ్‌డౌన్లు (మన గోల్ లాంటివి) చేసిన అమెరికన్ ఫుట్‌బాల్ వీరుడు. మనిషి అందగాడే, కానీ ప్రేమ మాటలు పాఠం అప్పజెప్పినట్టు చెబుతాడు. 'మోంటానా మూన్'కి ముందు ఏడాది, 1929లో, పాటల టాకీ 'బ్రాడ్‌వే మెలొడీ' విరగాడేసరికి, కథకి అవసరమున్నా లేకపోయినా పాటలు దూర్చే పిచ్చి పట్టింది స్టూడియోలకి. తమ నటులకి మూకీల నాటి ముఖాలున్నాయి, గొంతు సంగతి తర్వాత చూసుకుందామనుకున్నారు. మనవాళ్లు అలా కాదు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కి సురభి నాటకాల వాళ్లని తెచ్చుకున్నారు. పద్యం పాడగలిగితే ముఖం సంగతి మేకప్ చూసుకుంటుంది!

పాపం బ్రౌన్‌కి 1931లో పెద్ద దెబ్బే తగిలింది. 'లాఫింగ్ సిన్నర్స్'లో మళ్లీ క్రాఫర్డ్ సరసన నటిస్తే, అతని సీన్లన్నీ తీసేసి క్లార్క్ గేబుల్‌తో మళ్లీ తీశారు. తర్వాత చిన్న బడ్జెట్ వెస్టర్న్‌లలోకి, అంటే కౌబాయ్ సినిమాల్లోకి, వెళ్లాడు. అక్కడ అతని అమెరికా దక్షిణాది యాసే కలిసొచ్చింది. ఏళ్ల తరబడి గుర్రం దిగలేదు.

క్రాఫర్డ్‌కీ వెస్టర్న్ నప్పింది, కాకపోతే 1954లో. 'జానీ గిటార్'లో సెలూన్ యజమానురాలిగా తుపాకి పట్టుకుని మెట్ల మీద నిలబడితే ఎదుటివాళ్లకి చెమటలే. సంక్రాంతికి వచ్చినప్పుడు అది పెడతాను. రంగుల సినిమా కాబట్టి మధ్యలో లేచిపోతే ఊరుకోను.

ఇట్లు,
మీ తాతయ్య