సీటు లాక్కునే మందు

దేవరకొండ నుంచి ఒక చదువరి అడిగారు: “కల్తీ కల్లు తాగి స్పృహ తప్పినవాళ్లు నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే లేస్తారా? అలా అయితే ఊరికి కొన్ని తెచ్చి పెట్టుకోవచ్చు కదా?” మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. నాలోక్సోన్ అంటే మార్ఫిన్, హెరాయిన్ లాంటి మత్తుమందుల ప్రభావాన్ని విరిచే మందు.

మెదడు అడుగున, మెడ మొదలయ్యే చోట, ఊపిరిని నడిపించే నాడీకణాల గుంపు ఒకటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటే చాలు, నిద్రలో ఉన్నా సరే మన చేత గాలి పీల్పిస్తుంది. ఆ కణాల మీద ‘మ్యూ’ రిసెప్టర్లు, అంటే కొన్ని మందులు వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. మార్ఫిన్, హెరాయిన్, ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందులా పనిచేసే మందులు) వాటిలో చేరితే కణాలు మొద్దుబారతాయి. కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకున్నా పట్టించుకోవు. మనిషికి ఊపిరాడనట్టే అనిపించదు, అందుకే గింజుకోడు. చూసేవాళ్లకు గురక పెట్టి నిద్రపోతున్నట్టే ఉంటుంది. “తాగి పండుకున్నడు, లేపకుండ్రి” అంటారు. ఆ గురగురే ప్రమాద సూచన. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో కనిపిస్తాయి.

ఇప్పుడు నాలోక్సోన్. దసరా ముందురోజు మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సును ఊహించుకోండి. సీట్లు రిసెప్టర్లు. ఈ బస్సులో ఎవరూ ఒకచోట కుదురుగా కూర్చోరు, క్షణక్షణం లేస్తూ కూర్చుంటూ ఉంటారు. మార్ఫిన్ సీట్లో ఉన్నంతసేపూ బ్రేకు తొక్కి పెడుతుంది. నాలోక్సోన్‌కు బ్రేకుతో పనిలేదు, కానీ ఖాళీ అయిన సీటు మీద అందరికంటే ముందు కర్చీఫ్ వేసేది అదే. మార్ఫిన్ లేచిందా, మళ్లీ చోటు దొరకదు. కండరానికి ఇచ్చాక సాధారణంగా రెండు నుంచి ఐదు నిమిషాల్లో ఊపిరి తిరిగి వస్తుంది. సీట్ల కోసం ఎగబడే జనం మరీ ఎక్కువైతే, అంటే తీసుకున్న మత్తుమందు డోసు పెద్దదైతే, ఇంకో ఇంజెక్షన్ కావాలి.

చిక్కేమిటంటే నాలోక్సోన్ 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది. ఒంట్లో ఎక్కువసేపు ఉండే మెథడోన్ లాంటి ఓపియాయిడ్ అయితే అప్పటికీ ఫుట్‌బోర్డు మీద వేలాడుతూనే ఉంటుంది, దొరికిన సీట్లో మళ్లీ కూర్చుంటుంది. లేచి మాట్లాడాడు కదా అని ఇంట్లో పడుకోబెట్టకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. వ్యసన చికిత్సలో వాడే బుప్రెనార్ఫిన్ అనే ఓపియాయిడ్ సీటును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, బ్రేకు మాత్రం సగమే తొక్కుతుంది.

కల్తీ కల్లులో తరచుగా బయటపడే ఆల్ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మందు ఎక్కేది వేరే బస్సు, మెదడును నెమ్మదింపజేసే ‘గాబా’ రిసెప్టర్లది. అక్కడ నాలోక్సోన్‌కు ప్రవేశం లేదు, కాబట్టి ఉట్టి కల్తీ కల్లుకు అది పనికిరాదు. పైగా ఆల్ప్రజోలం అలవాటైనవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఏమవుతుందో పాలమూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా రెండు రకాలూ కలిపి తీసుకుంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. అప్పుడు నాలోక్సోన్ ఒక బస్సునైనా కదిలిస్తుంది. ఏం తీసుకున్నాడో తెలియకపోయినా ఇవ్వచ్చు, ఒంట్లో ఓపియాయిడ్ లేకపోతే దాదాపు ఏమీ చేయదు.

ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. తండాకు 108 అంతలో రాదు. ఆ సమయానికి పక్కన ఉండేది తోటి వాడకందారో, తల్లో, అన్నో. అందుకే 1996 నుంచే షికాగోలో మత్తుమందు వాడేవాళ్ల చేతికే నాలోక్సోన్ ఇచ్చి నేర్పించారు. ఓవర్‌డోస్‌ను కళ్లారా చూసే అవకాశం ఉన్నవాళ్లందరికీ అది అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించింది. మన దగ్గర పక్కనున్న స్నేహితులే పోలీసు కేసు టెన్షన్‌తో ముందు పారిపోతారు. మిగిలినవాళ్లు నిమ్మరసమో మజ్జిగో నోట్లో పోస్తారు, స్పృహ లేనివాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి సోకిందని విభూతి కోసం పరుగెత్తితే పోయేది నిమిషాలే. చేయాల్సింది 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే ఐదారు సెకన్లకోసారి నోటితో ఊదడం, ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టడం. నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కాలి. బడిలో రిసెప్టర్ బొమ్మ గీయించే బదులు ఇవి చేయించి చూపిస్తే బాగుండు.

బస్సు పోలిక ఒకచోట చెల్లదు. రోజూ వాడే ఒళ్లు పెద్ద డోసుకు అలవాటు పడుతుంది, కొన్నాళ్లు మానితే ఆ ఓర్పు పోతుంది. జైలు నుంచో డీఅడిక్షన్ సెంటర్ నుంచో వచ్చినవాడు పాత డోసే తీసుకుంటే చచ్చిపోవచ్చు. మొదటి రెండు వారాలే గండం. “బాగైపోయాడు” అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండే రోజులవే. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్ కింద, కొద్ది మొత్తం మత్తుమందుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. ఈ మాట, 14446 అనే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు, నోటితో ఊపిరి ఊదే పద్ధతి డిశ్చార్జి రోజునే ఇంట్లోవాళ్లకు చెప్పి పంపాలి.