చెవులు లెక్కపెడితే మాటడోర్ తేలడు: స్పెయిన్ ఎద్దుల సీజన్‌పై అపోహలు - వాస్తవాలు

అక్టోబర్‌లో జరగోసా పిలార్ ఉత్సవాలు అయిపోతే స్పెయిన్‌లో ఎద్దుల పోరు (బుల్‌ఫైట్) సీజన్ దాదాపు ముగిసినట్టే. మార్చిలో వలెన్సియాలో ఊపందుకుని, వసంతంలో సెవీయా, ఆ తర్వాత మాడ్రిడ్ సాన్ ఇసిద్రో ఉత్సవాలు, జులైలో పాంప్లోనా, ఆగస్టులో బిల్బావో మీదుగా అక్కడిదాకా వస్తుంది. ఆ నెలలన్నీ నేను నోట్‌బుక్ పట్టుకుని అరీనాల రాతి మెట్ల మీద కూర్చుంటాను. ఆ ఏడాది ముందు నిలిచిన మాటడోర్లు (ఎద్దుకు ఎదురు నిలిచి, చివర్లో కత్తితో చంపేవాళ్లు) ఎవరో సీజన్ చివర్లో రాయడం నా పని. హైదరాబాద్ మిత్రులూ, ఇక్కడికి చదువుకోడానికి వచ్చే మన పిల్లలూ ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "ఈసారి నంబర్ వన్ ఎవరు?" ఐపీఎల్‌లో ఆరెంజ్ క్యాప్ లాగా ఇక్కడా ఏదో లెక్క ఉంటుందనుకుంటారు. లెక్కలు ఉన్నాయి. వాటితోనే తేల్చేస్తే మాత్రం తప్పు పేర్లు వస్తాయి.

ముందే ఒక మాట. ఇందులో ఎద్దు చనిపోతుంది. ఇది ఆగిపోవాలనేవాళ్లు స్పెయిన్‌లోనే చాలామంది ఉన్నారు. 2010లో కాటలోనియా దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, 2016లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. నేను ఆ చర్చను తేలిగ్గా తీసుకోను. ఒక ప్రాణం పోతున్నచోట ఎదురుగా నిలబడ్డ మనిషి తన పని ఎంత నిజాయితీగా చేశాడో చూడకుండా అంకెలు కూడి ర్యాంకు ఇవ్వడం నాకు మనసొప్పదు.

అపోహ: ఎక్కువ కొరీదాలు చేసినవాడే మొదటివాడు

కొరీదా అంటే ఒక పూట జరిగే ఎద్దుల పోరు. ఎవరెన్ని కొరీదాలు చేశారో చెప్పే పట్టికను ఎస్కలఫోన్ అంటారు. అందులో పైనున్న పేరు నిర్వాహకులకు ఎవరు ఎక్కువ కావాలో చెబుతుంది, అంతే. 1995లో హెసులీన్ దె ఉబ్రీకె ఒక్క సీజన్‌లో 161 కొరీదాలు చేశాడు. అది పెద్ద రికార్డు, ఒంటికి పెద్ద పరీక్ష కూడా. రాత్రంతా వ్యాన్‌లో ప్రయాణం, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఎద్దు. ఇప్పుడు 2012 చూడండి. హోసే తొమాస్ ఆ ఏడాది చేసినవి మూడంటే మూడు. మూడోది సెప్టెంబర్ 16న ఫ్రాన్స్‌లోని నీమ్‌లో. ఒక్కడే ఆరు ఎద్దుల ముందు నిలబడి, బహుమతిగా ఆ ఎద్దుల 11 చెవులు, ఒక తోక గెలుచుకున్నాడు. ఆ ఏడాది గురించి ఇప్పటికీ ఎవరు మాట్లాడినా ముందు వచ్చేది ఆ ఉదయమే.

అపోహ: చెవులంటే గోల్స్ లాంటివి

మాటడోర్ బాగా చేశాడనిపిస్తే ఆ ఎద్దు చెవి ఒకటో రెండో బహుమతిగా ఇస్తారు. అరుదుగా తోక కూడా. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం వీటి గురించే.

మొదటి చెవి ప్రేక్షకులది. మెజారిటీ జనం తెల్ల రుమాళ్లు ఊపి అడిగితే ఆ పోరుకు అధ్యక్షత వహించే ఆయన ఇవ్వాల్సిందే. రెండో చెవి మాత్రం ఆయన చేతిలో ఉంటుంది. ఎద్దు ఎలాంటిది, వస్త్రంతో పని ఎలా సాగింది, కత్తి ఎలా పడింది అన్నీ చూసి ఇవ్వాలని నిబంధనే చెబుతోంది. అందుకే రెండు మధ్యాహ్నాల్లో ఒక్కో చెవి రావడమూ, ఒకే ఎద్దుకు రెండు చెవులు రావడమూ కూడికలో ఒకటే అయినా విలువలో కావు.

ఊరిని బట్టీ విలువ మారుతుంది. పల్లె జాతరలో తాత్కాలికంగా వేసిన అరీనాలో బ్యాండు మోగుతుంటే, జనం పండగ హుషారులో ఉంటే రుమాళ్లు త్వరగా లేస్తాయి. అందులో తప్పేం లేదు, వాళ్ల పండగ అది. మాడ్రిడ్‌లోని లాస్ వెంటాస్ అరీనాలో 20,000కు పైగా జనం ఉంటారు. అక్కడి ఏడో విభాగం వాళ్లు మాటడోర్ కాలు ఒక అడుగు పక్కకు జరిగినా అరుస్తారు. అక్కడ ఒకే రోజు రెండు చెవులు వస్తేనే పెద్ద తలుపు తెరుచుకుంటుంది, భుజాల మీద మోసుకెళ్తారు. సెవీయాలో అలాంటిదే రాకుమారుడి తలుపు, అది తెరవాలంటే మూడు కావాలి. లాస్ వెంటాస్‌లో ఒక మాటడోర్‌కు చివరిసారి తోక ఇచ్చింది 1972లో, పలోమో లినారెస్‌కు.

మొరాంతె దె లా పుయెబ్లా సంగతి తీసుకోండి. మాటడోర్ అయింది 1997లో. ఆయన తరంలో కపోతె (మొదట్లో వాడే పెద్ద వస్త్రం) అంత అందంగా తిప్పేవాళ్లు లేరని, ఆయన్ని ఇష్టపడనివాళ్లు కూడా ఒప్పుకుంటారు. అలాంటాయనకు మాటడోర్‌గా మాడ్రిడ్ పెద్ద తలుపు మొదటిసారి తెరుచుకుంది 2025 జూన్ 8న. అంటే 28 ఏళ్లు పట్టింది. చెవులే కొలత అయితే ఆ 28 ఏళ్లలో మేం చూసిందంతా ఎక్కడ రాయాలి?

అపోహ: ఏ ఎద్దయినా ఎద్దే

నేను తప్పు చేసింది ఇక్కడే. జాబితా రాసిన మొదటి ఏడాది, చెవులు ఎక్కువున్న ఒకాయన్ని బాగా పైన పెట్టాను. లాస్ వెంటాస్‌లో నా పక్కన కూర్చునే పెద్దాయన అది చదివి, "నాయనా, ఆ చెవులు ఏ ఎద్దులవి?" అని అడిగారు. నోట్‌బుక్ తీశాను. ఎద్దుల వివరాలు రాసుకోనేలేదు. ఆ రోజు పడ్డ బాధ ఇంకా గుర్తుంది, ఎందుకంటే ఆ జాబితాలో చోటు దక్కని ఒక మనిషి ఆ ఏడాదంతా కఠినమైన ఎద్దులతోనే తలపడ్డాడు.

మన దగ్గర బండలాగుడు పోటీల్లో ముందు గిత్తలు ఎవరివి, ఏ ఊరివి అని అడుగుతారు కదా. ఇక్కడా మొదటి ప్రశ్న అదే కావాలి. పేరున్న మాటడోర్లు చాలావరకు దొమెక్ అనే పెంపకందారుల వంశపు ఎద్దుల్ని కోరుకుంటారు. అవి వస్త్రం వెంట సాఫీగా, పదే పదే వస్తాయి. మియురా, విక్టోరినో మార్టిన్ ఫారాల ఎద్దులు వేరు. చటుక్కున వెనక్కి తిరుగుతాయి, వస్త్రం వెనక మనిషి ఉన్నాడని త్వరగా నేర్చుకుంటాయి. వాటి ముందు తెచ్చుకున్న ఒక్క చెవిని, చెవి రాకపోయినా జనం పిలిచి వేయించిన ఒక్క ప్రదక్షిణను, నేను మెత్తటి ఎద్దు రెండు చెవుల కంటే పైన పెడతాను.

బరువు చూసి మోసపోకండి. మొదటి తరగతి అరీనాల్లో కనీసం 460 కిలోలు ఉండాలి. 600 కిలోల ఎద్దు అలిసి నిలబడిపోవచ్చు, 500 కిలోలది గుర్రం మీది మనిషి ఈటెతో పొడిచినా వెనక్కి తగ్గకుండా మళ్లీ మళ్లీ గుర్రం మీదికి దూకొచ్చు. రెండోదే ధైర్యమున్న ఎద్దు. అసాధారణమైన ఎద్దుకు నారింజ రంగు రుమాలు చూపించి ప్రాణం మిగులుస్తారు. 2016లో సెవీయాలో విక్టోరినో ఎద్దు కోబ్రదియెస్మోస్ అలా బతికింది.

ఎరుపు చూసి రెచ్చిపోతుందనేది కూడా అపోహే. ఎద్దుకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు, అది కదలిక వెంట వెళ్తుంది. మొదట వాడే కపోతె గులాబీ రంగులోనే ఉంటుంది.

అపోహ: కత్తి చివరి లాంఛనం

స్పానిష్‌లో దీన్ని నిజం తేలే గడియ అంటారు. ఎడమ చేతి వస్త్రంతో ఎద్దు తల కిందికి దించి, కొమ్ముల మీదుగా వంగి, భుజాల మధ్య ఎత్తైన చోట కత్తి దించాలి. ఆ ఒక్క సెకను మాటడోర్‌కు ఎద్దు తల కనిపించదు. పక్కకు తప్పుకుంటూ పొడిచినవాడి కత్తి కిందికి జారుతుంది. ఎద్దు ఎక్కువ బాధపడుతుంది, అప్పటిదాకా చేసిన అందమైన పనంతా పోతుంది. ఆలస్యమైతే, వస్త్రంతో చివరి దశ మొదలైన పది నిమిషాలకు మొదటి హెచ్చరిక, మరో మూడు నిమిషాలకు రెండోది, ఇంకో రెండు నిమిషాలకు మూడోది. మూడోది మోగితే ఎద్దును బతికుండగానే వెనక్కి పంపేస్తారు. మాటడోర్‌కు అంతకంటే తలవంపు లేదు. ఒక సీజన్‌లో కత్తితో ఎన్నిసార్లు నిజాయితీగా వెళ్లాడన్నది నా జాబితాలో చెవుల కంటే ముందు చూస్తాను.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ప్రతి ఎద్దుకూ ఒక పేజీ. ఫారం పేరు, ఎద్దు పేరు, బరువు, ఎటు వైపు బాగా వచ్చింది, గాలి ఉందా (లాస్ వెంటాస్‌లో గాలి వస్త్రాన్ని ఎగరేసి మనిషిని బయటపెట్టేస్తుంది), ఎడమ చేత్తో వస్త్రం ఎన్ని వరుసలు తిప్పాడు, కత్తి ఎక్కడ పడింది. మాటడోర్ పేరు పేజీ అడుగున రాస్తాను. మీరు ఎప్పుడైనా ఒక కొరీదా చూడాల్సి వస్తే, ఎద్దు బయటికి రాకముందు చూపించే బోర్డు మీది పేరూ, ఫారం పేరూ రాసుకుని కూర్చోండి.